ఇద్దరు తొడుక్కున్న కోటు

మా వీధి దర్జీ బాబాయ్ చేతికి గుడ్డ ఇస్తే అది బట్ట అవడానికి నెల పడుతుంది. చెవి ఇస్తే మాత్రం అక్కడికక్కడే కథ అయిపోతుంది. ఆయన కొట్టు పక్కనే నా గడియారాల రిపేరు కొట్టు, రెండింటికీ మధ్య ఒక పొడుగు బల్ల. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర నేను విన్నవన్నీ నిజాలైతే, బాబాయ్ చెయ్యని ఘనకార్యం ఈ లోకంలో ఇంకేం మిగల్లేదు.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకి లాయరమ్మ వచ్చింది. లాయరమ్మ అంటే మా ఎదురింటి పిల్లే. మొన్నటిదాకా జడలు ఊపుకుంటూ తిరిగింది, మర్నాడు పదింటికి మొదటిసారి కోర్టులో నిలబడి మాట్లాడాలి. ఎవరో ముసలాయనని, ఉన్న ఒక్క గదీ ఖాళీ చెయ్యమంటున్నారట, ఆ గది నిలబెట్టాలి. నల్లకోటు లేకపోతే ఆ పిల్లని నోరు తెరవనివ్వరు. నెల క్రితం గుడ్డ ఇచ్చింది. ఆ కోటు కోసం రావడం ఇవాళ్టితో తొమ్మిదోసారి.

"బాబాయ్, ఇవాళైనా అయిందా?"

"అయిపోయింది తల్లీ, ఎప్పుడో అయిపోయింది" అన్నాడు బాబాయ్. పేపర్లో చుట్టిన పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు. కానీ ఇవ్వలేదు. దాని మీద రెండు చేతులూ వేసుకుని, "కూర్చో. కోటంటే గుర్తొచ్చింది" అన్నాడు.

నేను గడియారం మూత తీసినవాణ్ణి తీసినట్టే ఆగిపోయాను. బాబాయ్‌కి ఏదైనా గుర్తొచ్చిందంటే ఇంక ఆ పూట పని జరగదు. అటు పోతున్న పాలాయన సైకిలు దిగి, క్యాన్లు కింద పెట్టి, బల్ల చివర కూర్చున్నాడు. లోపల గదిలో పిన్ని కాజాలు కుడుతూ ఉంది, గుమ్మంలోంచి ఆవిడ మోచెయ్యి ఒక్కటే కనపడుతోంది.

"పెద్ద గొప్పేం కాదులే, చిన్న సంగతే" అని మొదలుపెట్టాడు బాబాయ్. "నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. టేపు పెట్టకుండా కంటితో కొలిచేవాణ్ణి. మనిషి వీధి మలుపు తిరుగుతుంటేనే ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి ఇరవై మూడున్నర అని రాసేసుకునేవాణ్ణి, ఆయన కొట్లో అడుగు పెట్టేసరికి గుడ్డ కత్తిరించేసి ఉండేది. అలాంటి రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, కొట్లో ఒక్కసారిగా చీకటి పడింది. మబ్బు పట్టిందనుకున్నా. బయటికొచ్చి చూద్దును కదా, మబ్బు కాదు. మోకాలు."

"మోకాలా!" అన్నాడు పాలాయన.

"మోకాలే. పైన తొడ, ఆ పైన నడుం, ఆ పైన ఏముందో నాకు కనపడలేదు. కొండమనిషి! వాడు వంగి, మన కొట్టు పైరేకు డబ్బా మూత తీసినట్టు తీసి, లోపలికి తొంగి చూసి, 'కంటితో కొలిచేది నువ్వేనా?' అన్నాడు. ఆ ఊపిరికి కొట్లో ఉన్న చొక్కాలన్నీ ఎగిరిపోయాయి. బడి మాస్టారు ఇప్పటికీ నా చొక్కా ఏదీ, నా చొక్కా ఏదీ అని నన్ను పట్టుకుని తిడుతుంటాడు చూడు, అది ఆ రోజు పోయిందే."

"మాస్టారు చొక్కా ఇచ్చింది పోయినేడు కదా బాబాయ్?" అన్నాన్నేను.

"ఒరేయ్ గడియారం, నీ కొట్లో పదకొండు గడియారాలు పదకొండు టైములు చూపిస్తాయి, నువ్వు నాకు ఏళ్ళు లెక్క చెప్తావా? నోరు మూసుకుని విను. వాడు నన్ను అరచేతిలో పెట్టుకున్నాడు. మూడంటే మూడే అంగలు. మొదటి అంగకి మన ఊరు పోయింది, రెండో అంగకి ఏడు కొండలు పోయాయి, మూడో అంగకి ఏం పోయిందో నాకు తెలీదు, కళ్ళు మూసుకున్నా. తెరిచి చూస్తే ఒక కనుమ. ఇటు కొండ మీద కొండమనుషులు నిలబడి ఉన్నారు, మనిషికీ మనిషికీ మధ్య మబ్బులు పోతున్నాయి. అటు కొండకి వేల బొరియలు. ప్రతి బొరియలోంచీ చిన్న దీపం, దీపం వెనక మన మోకాలెత్తు మనిషి, వాడి చేతిలో సుత్తి. బొరియవాళ్ళు. మూడొందల ఏళ్ళ పగ ఇద్దరికీ. ఎందుకో తెలుసా?"

"ఎందుకు?" పాలాయన క్యాను మీద మోచెయ్యి ఆనించాడు.

"వీళ్ళు నడిస్తే వాళ్ళ ఇళ్ళు కూలతాయి. వాళ్ళు తవ్వితే వీళ్ళ కొండలు కుంగుతాయి. తప్పు ఎవరిదని చెప్తావ్? నడవడం తప్పా? ఇల్లు కట్టుకోవడం తప్పా?"

లాయరమ్మ ముందుకి వంగింది. తన కేసూ అలాంటిదే అనుకుంటా. కోటు సంగతి మర్చిపోయి గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది.

"మూడొందల ఏళ్ళు కొట్టుకుని కొట్టుకుని, ఇంక కొట్టుకోవడానికి పిల్లలు మిగలరని తెలిశాక రాజీకి వచ్చారు. అయితే వాళ్ళకి కాగితాలూ సంతకాలూ లేవు. వాళ్ళ పద్ధతేంటంటే, రెండు జాతుల పెద్దలూ ఒకే ఒక్క కోటు తొడుక్కోవాలి. ఇద్దరూ ఒకేసారి! తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకోవాలి. కుట్టు తెగకుండా ఆఖరి గుండీ పడిందా, పగ తీరినట్టు. ఒక్క కుట్టు పుటుక్కుమందా, అక్కడే యుద్ధం. అటు కొండరాజు, నలభై అంతస్తుల మేడ. ఇటు బొరియవాళ్ళ ముసలమ్మ, అదిగో ఆ పాలక్యాను కంటే రెండంగుళాలు పొట్టి."

పాలాయన తన క్యాను వైపు కొత్తగా చూశాడు.

"నాకంటే ముందు ఏడుగురు దర్జీలు వచ్చారట. 'వాళ్ళేరీ?' అన్నాను. చూపించారు. కనుమ మధ్యలో ఏడు రాళ్ళు. రాళ్ళు కాదమ్మా, మనుషులే. ఒకడి చేతిలో కత్తెర, ఒకడి మెడలో టేపు, ఒకడి నోట్లో గుండుసూదులు, అలాగే రాళ్ళయిపోయి ఉన్నారు. కోటు కుదరకపోతే ఆ కనుమ దర్జీని వదలదట. మూడో రోజు పొద్దు వాలేలోపు కోటు కావాలన్నారు. చేతిలో పనుంది కదా, వెనకాడతానా?"

"మూడు రోజుల్లో కోటు!" అంది లాయరమ్మ.

బాబాయ్ ఆ మాట వినపడనట్టు గొంతు సవరించుకున్నాడు.

"ముందు కొండరాజు కొలత. ఒక్క చూపుకి పట్టడు, అందుకని టేపు కొస ఒక గద్ద కాలికి కట్టి వదిలాను. పొద్దున ఆయన ఎడం చంక కింద నుంచి బయల్దేరిన గద్ద వీపంతా తిరిగి మధ్యాహ్నం అన్నాల వేళకి కుడి చంక కింద తేలింది. దారిలో గూడు కూడా పెట్టిందని నా అనుమానం."

"ఛాతీ ఎంతొచ్చింది?" అన్నాను.

"నాలుగు వేల రెండొందల ముప్పై ఎనిమిదిన్నర."

"ఆ అర ఎందుకు బాబాయ్?"

"ఊపిరి పీల్చాడు."

నాకు నవ్వొచ్చింది గానీ పాలాయన మొహం చూసి మింగేశాను. ఆయన నిజంగానే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

"ముసలమ్మ ఒంటి మీద టేపు వెయ్యనివ్వలేదు. మా వాళ్ళని తొక్కినవాడి మధ్యవర్తివి నువ్వు, చెయ్యి వేశావంటే సుత్తి తీసుకుంటానంది. ఇంకేం చేస్తాను? ఆవిడ నీడ నేల మీద పడితే, ఆ నీడని కొలుచుకున్నాను. ఇంతా చేసి అసలు విషయం ఏంటంటే గుడ్డ. ఆ గుడ్డ గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, ఇదిగో చూడండి, చెయ్యి చూడండి, వెంట్రుకలు లేచాయా లేదా?"

లేచాయి. అది మాత్రం నేను నా కళ్ళతో చూశాను.

"ఆ రెండు కొండలకీ అవతల అడవిలో పొడుగు చెవులవాళ్ళు ఉంటారు. వెన్నెల కురుస్తుంటే ఆ చప్పుడు వినేవాళ్ళు వాళ్ళు. ఎవరి పక్షమూ కాదు, ఎవరితోనూ మాట్లాడరు, నేస్తారు, అంతే. వాళ్ళ ఆడవాళ్ళు వందమంది ఆ గుడ్డ మోసుకొచ్చారు. ఒక వైపు తెల్లారి వెలుతురు నేశారు, రెండో వైపు చీకటి నేశారు. పరిచి చూస్తే గుడ్డ మీద పొద్దు పొడుస్తోంది. నేను బుద్ధి లేక ఒక కొస మడిచాను, అటు పక్క కొండ మీద చీకటి పడిపోయి కోళ్ళు గూళ్ళకి పోయాయి. వెంటనే సరిచేస్తే పాపం మళ్ళీ కూయడం మొదలుపెట్టాయి. ఇంకా వినండి, ఆ గుడ్డకి కొలత లేదు, తొడుక్కున్నవాళ్ళు ఎంతుంటే అంతవుతుంది. అందులోకి కత్తెర దించాను. దించితే ఏమైందో తెలుసా?"

లోపల పిన్ని సూది కూడా ఆగింది.

"కత్తిరించిన ముక్కలు కింద పడలేదు. పైకి లేచాయి. చిన్న చిన్న వెలుతురు పేలికలు, నా మొహం ముందు నుంచి, చెవుల పక్క నుంచి, మెల్లగా, వేల పేలికలు. బొరియల్లోంచి పిల్లలు బయటికి వచ్చేశారు. వాళ్ళు పుట్టాక ఆకాశం చూడలేదట. వాటిని పట్టుకుందామని చేతులు చాపుతున్నారు, అందట్లేదు. అప్పుడు కొండమనుషుల్లో ఒకావిడ, ఇంత పెద్ద మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క పేలికని రెండు వేళ్ళతో పట్టుకుని, కిందికి దించి, ఒక పిల్లకి అందించింది. మూడొందల ఏళ్ళలో అటు నుంచి ఇటుకి రాయి తప్ప ఇంకోటి రావడం అదే మొదలు. నేను కత్తెర పట్టుకుని ఏడ్చేశాను తల్లీ. సిగ్గేముంది, ఏడ్చాను."

లాయరమ్మ కళ్ళు మెరుస్తున్నాయి. పాలాయన తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. నేను కూడా, అబద్ధమెందుకు, చేతిలో స్క్రూ ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

"సూది అంటే పడవ తెరచాప స్తంభం. దారం అంటే ఏటి మీది పొగమంచు వడికింది. మిషను ఇద్దరు కొండమనుషులు తొక్కారు, ఆ చప్పుడుకి మూడు కొండలవతల వానొచ్చింది. ఇస్త్రీకి నిప్పులు కక్కే కొండ ఒకటి బోర్లించారు. గుండీలు బొరియవాళ్ళు భూమి నడి గర్భంలోంచి తవ్వి తెచ్చిన ఇనుము, ఒక్కోటి నలుగురు మోశారు. కాజాలు నేనే కుట్టాను."

"ఎవరు కుట్టారూ?" లోపలి నుంచి పిన్ని గొంతు వినపడింది.

"అప్పటికి నువ్వు కాపురానికి రాలేదు!" అని అరిచి, మళ్ళీ మా వైపు తిరిగాడు బాబాయ్. "మూడో రోజు పొద్దు వాలుతోంది. కోటు ఎత్తి పట్టారు. ఇటు పగలు, అటు రాత్రి, మధ్యలో సాయంత్రం రంగు అంచు. రెండు జాతులవాళ్ళూ మెడలు చాచి చూస్తున్నారు. అప్పుడు చెవులవాళ్ళ పెద్దావిడ దగ్గరికి వచ్చి చూసి మెల్లగా అంది, 'దర్జీ, రెండూ ఎడం చేతులే' అని."

"అయ్యో!" అన్నాడు పాలాయన.

"అవును. కోటుకి ఒకటి ఎడమ, ఒకటి కుడి ఉండాలి కదా. రెండూ ఎడమే కత్తిరించి ఉన్నాయి."

"అదెలా బాబాయ్?" అంది లాయరమ్మ.

"కావాలనే తల్లీ! కావాలనే!" అన్నాడు బాబాయ్ చాలా గట్టిగా. పొట్లం మీద వేళ్ళు ఒత్తుకుని తెల్లబడ్డాయి. "పొరపాటున కత్తిరిస్తానా నేను? కానీ వాళ్ళకేం తెలుసు, ఒక్కసారి గోల. సుత్తులు లేచాయి, బండలు లేచాయి. నా కాళ్ళు బరువెక్కాయి. చూసుకుంటే బొటనవేలు అప్పటికే రాయి. పాదం రాయి. మోకాలు దాకా వచ్చేస్తోంది. ఆ ఏడుగురు దర్జీలూ నా వైపే చూస్తున్నట్టుంది. అప్పుడు నేను అరిచాను. 'ఆగండి! కుడి చెయ్యి దేనికి? కత్తి పట్టడానికి! సుత్తి విసరడానికి! ఆ చేతికి ఈ కోటులో చోటు పెట్టలేదు నేను. మీ ఇద్దరి దగ్గరా ఎవరినీ కొట్టని చెయ్యి ఒకటుంది, అదే ఎడమ చెయ్యి, అది పెట్టండి చాలు' అన్నాను."

పాలాయన తన ఎడం చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"కొండరాజు కదిలాడు. ఎడం చెయ్యి పెట్టాడు. ముసలమ్మ ఆ పక్కకి వచ్చి ఎడం చెయ్యి పెట్టబోయింది, పట్టలేదు. ఎలా పడుతుంది? ఇద్దరూ ఒక వైపే చూస్తూ నిలబడితే అటు వైపుకి వచ్చేది కుడి చెయ్యే కదా! నాకు నడుం దాకా రాయి. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. వెనక్కి తిరిగింది. ఆయనకి ఎదురుగా. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే, చూసుకోండి కావాలంటే, ఒకరి ఎడమ ఇటు వస్తుంది, ఒకరి ఎడమ అటు వస్తుంది."

పాలాయనా నేనూ ఒకరికొకరు ఎదురుగా నిలబడి ఎడం చేతులు చాపి చూసుకున్నాం. నిజమే, చెరో పక్కకీ వచ్చాయి. పాలాయన చెయ్యి దించడం మర్చిపోయాడు.

"ఆవిడ చెయ్యి సర్రున దూరిపోయింది. కోటు ఆయన దగ్గర ఆయనంత, ఆవిడ దగ్గర ఆవిడంత అయింది. కానీ ఎదురెదురుగా నిలబడ్డాక మొహం చూడకుండా ఎలా? ఆయన వంగాడు. వంగి వంగి, మోకాళ్ళ మీదికి వచ్చి, గడ్డం నేలకి ఆనించాడు. మూడొందల ఏళ్ళలో వాళ్ళ మొహం వీళ్ళు, వీళ్ళ మొహం వాళ్ళు చూడలేదమ్మా. పాదాలు చూశారు, దీపాలు చూశారు, అంతే. ఆయన కన్ను ఆవిడంత ఉంది. ఆ కంట్లో ఆవిడకి తనే కనపడింది. ఆవిడ సుత్తి కింద పెట్టి, 'నీక్కూడా ముడతలు వచ్చాయే' అంది. అంతే, గుండీలు వాటంతటవే పడ్డాయి. టక్, టక్, టక్. ఆఖరిది పడగానే నా కాళ్ళు నాకొచ్చాయి, ఆ ఏడు రాళ్ళూ ఊపిరి పీల్చాయి. ఒకడు నోట్లో గుండుసూదులు ఉమ్మేసి, 'చెయ్యి కాస్త లూజుంది' అన్నాడు. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది!"

వీధిలో ఎవరో గంట కొట్టుకుంటూ సైకిలు మీద పోయారు. మేం ముగ్గురం ఇంకా ఆ కనుమలోనే ఉన్నాం. బాబాయ్ మా మొహాలు చూసి, గొంతు తగ్గించి, అసలు మాట అప్పుడు తీశాడు.

"అప్పటి నుంచీ ఆ దేశాల్లో తగవు తీర్చేవాళ్ళు, వాదించేవాళ్ళు, అందరూ రెండు ఎడం చేతుల కోటే వేసుకుంటారు. ఆ కోటు వేసుకున్నవాళ్ళ మాటకి తిరుగు లేదట. మామూలు వాళ్ళకి కుట్టరు. నేను కూడా ఇన్నేళ్ళలో ఎవరికీ కుట్టలేదు. తగిన మనిషి కావాలి కదా." పొట్లం మెల్లగా లాయరమ్మ వైపు జరిపాడు.

లాయరమ్మ పొట్లం వైపు చూసింది. బాబాయ్ వైపు చూసింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం మారింది.

"బాబాయ్, ఒక్క ప్రశ్న. అవుననో కాదనో చెప్పు చాలు. నా కోటుకి రెండూ ఎడం చేతులేనా?"

బాబాయ్ పైరేకు వైపు చూశాడు. అక్కడ ఏ మోకాలూ లేదు.

ఆ పిల్ల పొట్లం విప్పి కోటు తొడుక్కుంది. ఎడం చెయ్యి చక్కగా కుదిరింది. కుడి చెయ్యి దూర్చేసరికి మోచెయ్యి దగ్గర వంపు వెనక్కి తిరిగి, అరచెయ్యి ఎవరినో అడుక్కుంటున్నట్టు బయటికి వచ్చింది. ఆ చేత్తోనే కాగితం పట్టుకున్నట్టు చూపించి, "రేపు పదింటికి నేనూ అవతలి లాయరూ ఎదురెదురుగా ఒకే కోటులో దూరాలా బాబాయ్?" అంది.

పాలాయనకి అప్పుడు అర్థమైంది. "అంటే, కనుమా అదీ..." అని ఆగిపోయాడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది.

బాబాయ్ తలొంచుకున్నాడు. "మధ్యాహ్నం తొడిగి చూశాక తెలిసింది తల్లీ. ఇంక జానెడు గుడ్డైనా మిగల్లేదు. ఆ రంగు గుడ్డ దొరకదు, దొరికినా టైము లేదు. నీ మొదటి రోజు, నా వల్ల ఆ ముసలాయన గది పోతుందేమోనని... ఎలా చెప్పాలో తెలీలేదు. నిజంగానే కాళ్ళు రాయైపోయాయి."

లాయరమ్మ కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూలబడింది. ఆ పిల్ల కింది పెదవి వణకడం చూసి నేను నా గడియారాల వైపు తిరిగాను. ఒకటి మాత్రం సరిగ్గా నడుస్తోంది. ఆరూ పది.

లోపలి నుంచి పిన్ని వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, కోటు తీసుకుని, కుడి చెయ్యి లోపలికీ బయటికీ తిప్పి చూపించింది.

"ఈ గుడ్డకి లోపలా బయటా ఒకటే నలుపు. ఈ చెయ్యి విప్పి, లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి కుడితే ఎడమది కుడి అవుతుంది. పొద్దున దీనికి కాజాలు కుట్టేటప్పుడే చూశాను. మీరే చేస్తారులే అనుకున్నా, మీరేమో కొండలెక్కి కూర్చున్నారు."

బాబాయ్ ఆ చెయ్యి వైపు చూశాడు, ఇంకోసారి చూశాడు. గభాల్న లేచి మిషను ముందు కూర్చున్నాడు.

"ఎంతసేపు పడుతుంది పిన్నీ?" అంది లాయరమ్మ.

"గంట పని" అంటూ పిన్ని కుట్లు విప్పే బ్లేడు ఆయన చేతికిచ్చింది. "మాట్లాడకుండా కుడితే అరగంటే."